తాతయ్య గొంతు, మనవడి కీబోర్డు

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. మేం కుషాయిగూడలో ఉంటాం. అత్తయ్యగారు పోయిన ఏడాది ప్రభువునందు నిద్రించాక మామయ్యగారిని కోనసీమ నుంచి మా దగ్గరికే తెచ్చుకున్నాం. ఊళ్లో ఆయన వెళ్లే సంఘంలో వాయిద్యాలు అస్సలు వాడరు, గొంతుతోనే పాడతారు. ఇక్కడ మా చర్చిలో కీబోర్డు, ప్యాడ్స్, గిటారు అన్నీ ఉన్నాయి. ఇంటర్ చదివే మా అబ్బాయే కీబోర్డు వాయిస్తాడు. మామయ్యగారు కొన్ని వారాలు వచ్చి మానేశారు. "కొత్త నిబంధనలో వాయిద్యం ఎక్కడుంది? అపొస్తలులు డ్రమ్ములు కొట్టారా? ఇది ఆరాధన కాదు, కచేరీ" అంటారు. మావాడేమో "తాతయ్యా, మీ పాటలు వింటే నిద్రొస్తుంది" అనేశాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. వచ్చే నెల కొత్త ఫ్లాట్‌లో గృహప్రవేశ ప్రార్థన పెట్టుకున్నాం. కీబోర్డు పెడితే ఆయన గదిలోంచి బయటికి రారు. పెట్టకపోతే వీడు అలుగుతాడు. మావారు "మీరూ మీరూ తేల్చుకోండి" అని తప్పుకున్నారు. మామయ్యగారు చెప్పేది నిజమేనా? మావాడు చేస్తున్నది తప్పా? ఈ కూటం ఎలా జరపమంటారు?
- ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం: అమ్మా, వందనాలు.

తేదీ దగ్గర పడుతోంది కాబట్టి ముందు కూటం సంగతి చెప్పేస్తాను. ఆ రోజు కీబోర్డు వద్దు. మామయ్యగారి వాదన మొత్తం ఒప్పుకుని ఈ మాట అనడం లేదు. అందులో నాకు మింగుడుపడని చోటు ఒకటుంది, దానికి తర్వాత వస్తాను. కానీ ఒక్క పూట వాయిద్యం లేకుండా పాడినందుకు మీవాడి మనస్సాక్షికి ఏ ఇబ్బందీ రాదు. వాయిద్యాల మధ్య కూర్చోవాలంటే పెద్దాయన మనస్సాక్షికి వస్తుంది. రోమా పత్రిక 14వ అధ్యాయంలో భోజనం విషయంలో పౌలు చెప్పింది ఇదే కదా, తినడానికీ మానడానికీ స్వేచ్ఛ ఉన్నవాడే ఒక అడుగు తగ్గాలి. అలాగని మీవాణ్ని ఖాళీగా కూర్చోబెట్టమనడం లేదు. వాడికి ఆ రోజు కీబోర్డు కన్నా కష్టమైన పని ఉంది.

ఇక మామయ్యగారు చెప్పేది నిజమా అన్నారు. చరిత్ర వరకైతే చాలావరకు నిజమే. ఈ సంగతి మీ అబ్బాయి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే తాతయ్యది ఊరి చాదస్తం అనుకుంటున్నట్టున్నాడు.

కడరాత్రి భోజనం అయ్యాక యేసు, శిష్యులు కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని మత్తయి 26:30లో ఉంది. ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల అర్ధరాత్రి పాడారు. కాళ్లకు బొండ బిగించి ఉన్నవాళ్లకు వాయిద్యం ప్రసక్తే లేదు. తర్వాత సుమారు 112లో, ఇప్పటి టర్కీలోని బితూనియ ప్రాంతానికి అధిపతిగా ఉన్న ప్లినీ అనే రోమన్ అధికారి చక్రవర్తి ట్రాజన్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఈ క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుని, క్రీస్తును దేవుడిగా ఎంచి ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ కీర్తన పాడతారని అందులో ఉంది. మన ఆరాధన గురించి బయటివాళ్లు రాసిన అతి పాత సమాచారాల్లో అదొకటి. క్రైస్తవుడు కానివాడు, విచారణ జరిపిన అధికారి, వాళ్లు పాడతారన్న సంగతి ప్రత్యేకంగా రాశాడు. వాయిద్యం ఊసు ఎత్తలేదు.

తర్వాతి తరాల సంఘ పెద్దలు ఊసెత్తకుండా వదల్లేదు, గట్టిగానే వద్దన్నారు. 4వ శతాబ్దంలో యోహాను క్రిసొస్తొము, యూదుల బలహీనతను చూసి దేవుడు వాళ్లకు వాయిద్యాలను అనుమతించాడే తప్ప మనకు వాటి అవసరం లేదన్నాడు. అంతకు ముందు, 200 ప్రాంతంలో, అలెగ్జాండ్రియాకు చెందిన క్లెమెంటు 150వ కీర్తనకే కొత్త అర్థం చెప్పాడు. అందులో వచ్చే స్వరమండలం అంటే మన నాలుక, సితార అంటే ఆత్మ మీటే మన నోరు అన్నాడు. నాకు ఆ వ్యాఖ్యానం కాస్త లాగినట్టే అనిపిస్తుంది. దావీదు సితార అన్నాడంటే సితార అనే అన్నాడు. కానీ అంత దూరం వెళ్లి మరీ వాయిద్యాన్ని తప్పించాలని చూశారంటే ఆ రోజుల్లో దానికి ఎంత చెడ్డపేరుందో ఆలోచించండి.

ఆ చెడ్డపేరు ఊరికే రాలేదు. రోమన్ పట్టణాల్లో వాద్యం మోగేది నాటకశాలల్లో, తాగుడు విందుల్లో, విగ్రహాల ఊరేగింపుల్లో. ఇప్పుడు చర్చి అనగానే గుర్తొచ్చే ఆర్గన్ అప్పట్లో కత్తులతో మనుషులు ఒకరినొకరు చంపుకునే ఆటల మైదానాల్లో మోగేది. నీటి ఒత్తిడితో పనిచేసే రకం అది. విశ్వాసులను అలాంటి మైదానాల్లోనే మృగాలకు వేశారు. అక్కడి వాద్యాన్ని తెచ్చి ఆరాధనలో ఎవరు పెట్టుకుంటారు?

ఇంకో కారణం ఆలయం. హిజ్కియా రోజుల్లో దహనబలి మొదలైన క్షణానే పాట, బూరలు మొదలయ్యాయని రెండవ దినవృత్తాంతములు 29వ అధ్యాయంలో చదువుతాం. వాయించడం లేవీయుల పని, అది బలితో ముడిపడిన పని. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చాక బలులు ఆగిపోయాయి, లేవీయుల వాద్యాలూ ఆగిపోయాయి. సమాజమందిరాల్లో మాత్రం వాక్యం చదవడం, రాగంతో వల్లించడం, ప్రార్థన సాగాయి. సనాతన యూదుల సమాజమందిరాల్లో విశ్రాంతిదినాన ఇవాళ్టికీ వాయిద్యం వినపడదు. మొదటి క్రైస్తవుల కూటాలు ఆ సమాజమందిరాల పక్కనే పుట్టాయి.

వాయిద్యం లేకపోతే పాట చప్పగా ఉండేదనుకోకండి. 386లో మిలాను పట్టణంలో రాజమాత జస్టీనా ఒక ఆలయాన్ని తన వర్గంవాళ్లకు ఇప్పించాలని పట్టుబట్టింది. బిషప్ అంబ్రోసు ఇవ్వనన్నాడు. జనం ఆయనతో పాటే ఆలయంలో ఉండిపోయారు, రాత్రులు జాగారం చేశారు. విసిగి నీరసపడిపోకుండా ఉండటానికి తూర్పు దేశాల పద్ధతిలో కీర్తనలు, పాటలు అందరిచేత పాడించడం అప్పుడే మొదలైందని, తర్వాత తానూ బిషప్ అయిన అగస్టీన్ రాసుకున్నాడు. ఆ జాగారంలో అగస్టీన్ తల్లి మోనికా కూడా ఉంది. మన దగ్గర ఆల్‌నైట్ ప్రేయర్‌లో రెండు గంటలప్పుడు కళ్లు మూతలుపడుతుంటే పాస్టర్‌గారు "ఒక పాట పాడదాం, అందరూ నిలబడండి" అంటారే, సరిగ్గా అదే అవసరం.

మరి ఆర్గన్ ఎప్పుడొచ్చింది? 757లో బైజాంటియం చక్రవర్తి ఫ్రాంకుల రాజు పెపిన్‌కు ఒక ఆర్గన్ కానుకగా పంపాడు. అది రాజసభ వస్తువుగా వెళ్లింది. క్రమంగా పడమటి మఠాల్లోకి పాకింది. 10వ శతాబ్దం చివరికి ఇంగ్లండ్‌లోని వించెస్టర్‌లో భారీ ఆర్గన్ ఉంది. అంత జరిగాక కూడా, 13వ శతాబ్దంలో తోమా అక్వినాసు అనే వేదాంత పండితుడు, యూదుల పద్ధతిలోకి జారినట్టు కనపడకుండా ఉండటానికి సంఘం సితార, స్వరమండలం లాంటివి వాడదని రాశాడు. చూశారా, ఎంత ఆలస్యంగా మారిందో. మారనివాళ్లూ ఉన్నారు. గ్రీకు, రష్యన్ ఆర్థడాక్స్ ఆలయాల్లో సంప్రదాయంగా ఇప్పటికీ గొంతే. గ్రీకు పద్ధతిలో ఒకరు రాగం నడుపుతుంటే కొందరు కింద ఒకే స్వరం పట్టుకుని, మన తంబూరాలా, నిలబడతారు. రోములో పోపుగారి సిస్టీన్ చాపెల్ గాయకులు కూడా వాయిద్యం లేకుండా పాడినవాళ్లే. ఇవాళ యూట్యూబులో పిల్లలు అకపెల్లా అంటూ చేసేదాని పేరు ఆ చాపెల్ పద్ధతిలోంచే వచ్చింది.

కాబట్టి తాతయ్యవి నిద్రపాటలు అని మీవాడు అన్నప్పుడు, తెలియకుండా చాలామందిని అన్నాడు.

ఇప్పుడు నాకు మింగుడుపడని చోటు. "కొత్త నిబంధనలో ఆజ్ఞ లేదు కాబట్టి కూడదు" అంటారు మామయ్యగారు. ఆ సూత్రాన్ని చివరిదాకా నడిపించి చూసిన ఊరొకటుంది, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్. అక్కడ 16వ శతాబ్దంలో సంఘ సంస్కరణ తెచ్చిన జ్వింగ్లీ స్వయంగా మంచి సంగీతగాడు, చాలా వాద్యాలు వాయించగలడు. ఆయన నాయకత్వంలో ఆర్గన్ మూగబోయింది, 1527లో పెద్ద ఆలయంలోంచి దాన్ని తీసేశారు. అక్కడితో ఆగలేదు. ఎఫెసీయులకు 5:19, కొలొస్సయులకు 3:16 వచనాల్లో పౌలు "హృదయాల్లో" పాడమన్నాడు కదా, గొంతుతో పాడమని ఎక్కడన్నాడు అని అడిగాడు జ్వింగ్లీ. దాంతో ఆ ఊరి ఆరాధనలో పాటే ఆగిపోయింది. ఆలయంలో మళ్లీ పాట వినపడింది 1598లో! మామయ్యగారు కీబోర్డు వద్దనడానికి చూపించే వచనాలు, నాకు తెలిసినంతలో, ఇవే. అవే వచనాలతో జ్వింగ్లీ మామయ్యగారి పాటను కూడా ఆపించగలడు.

అదే కాలంలో, అదే బైబిల్ చదివి, జర్మనీ సంస్కర్త లూథర్ సంగీతం దేవుని వరం అని ఎత్తుకున్నాడు. జెనీవా సంస్కర్త కాల్విన్ మధ్యదారి పట్టాడు. జెనీవాలో వాయిద్యం లేదు, కానీ జనమంతా పాడాలి, దావీదు కీర్తనలు వాళ్ల భాషలో పద్యాలుగా పాడాలి. 150 కీర్తనలూ 1562కి పూర్తి పుస్తకంగా వచ్చాయి. ఒకే శతాబ్దంలో ముగ్గురు ఉద్దండులు మూడు రకాలుగా తేల్చారంటే, ఆ వచనాలు వాయిద్యం గురించి తీర్పు చెప్పడానికి రాసినవి కావని నా అభిప్రాయం. ప్రకటన గ్రంథంలో పరలోకంలోనే వీణలు మోగుతున్నాయి. ప్రాచీనత ఒక్కటే లెక్క అనుకున్నా అందరిదీ ఒకే దారి కాదు. ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం చాలా పాతది, అక్కడ ఆరాధనలో పెద్ద డోళ్లు కొడతారు, గిలకల్లాంటి వాద్యాలు ఆడిస్తారు. ఈజిప్టు క్రైస్తవులైన కోప్తులు తాళాలు వాయిస్తారు.

కాబట్టి మీ అబ్బాయి చేస్తున్నది పాపం కాదు. ఈ మాట వాడికి తాతయ్య ముందు కాకుండా విడిగా చెప్పండి.

మామయ్యగారి సంఘం ఏదో మీరు రాయలేదు. క్రీస్తు సంఘం అయితే, ఈ పట్టుదల అమెరికాలో గట్టిపడింది. 1860 ప్రాంతంలో కెంటకీ రాష్ట్రంలోని మిడ్‌వే అనే ఊళ్లో, పాటలు మరీ అపశృతిగా సాగుతున్నాయని ఒక చిన్న మెలోడియన్ (హార్మోనియం లాంటి వాద్యం) తెచ్చిపెట్టారు. దాని మీద మొదలైన గొడవ, మిషన్ సొసైటీల గొడవతో కలిసి, ఒకే ఉద్యమాన్ని రెండుగా చీల్చింది. 1906లో అక్కడి ప్రభుత్వ లెక్కల్లో క్రీస్తు సంఘాలు విడిగా నమోదయ్యాయి. గోదావరి జిల్లాల్లో 1836 నుంచి ఉన్న బ్రదరన్ సంఘమైతే దారి వేరు. బ్రదరన్‌వాళ్లలో చాలాచోట్ల రొట్టె విరిచే ఆరాధన నిరాడంబరంగా, వాయిద్యం లేకుండా జరుగుతుంది. ఏదైనా సరే, ఆయన పట్టుదల వెనక కొన్ని తరాల క్రమశిక్షణ ఉంది, దాన్ని వెటకారం చేయకూడదు. మన తెలుగు విశ్వాసులు అంతగా చదువుకునే 19వ శతాబ్దపు ప్రసంగీకుడు స్పర్జన్ కూడా, లండన్‌లో వేలమంది పట్టే ఆలయంలో, ఆయన కాలమంతా ఆర్గన్ పెట్టలేదు. ఒకరు శృతి అందించి ఎత్తుకుంటే అంతమందీ పాడేవారు.

నన్నడిగితే, వాయిద్యం లేని పాట ఆజ్ఞ అయినందుకు గొప్పది కాదు, దానివల్ల జరిగే పని గొప్పది. మన నగరంలో చాలా చర్చిల్లో ఇప్పుడు జనం పాడటం లేదు. స్టేజీ మీద నలుగురు మైకులు పట్టుకుంటారు, ప్యాడ్స్ శబ్దానికి గుండె అదురుతుంది, తెర మీద అక్షరాలు కదులుతుంటాయి. కింద ఉన్నవాళ్లు పెదాలు కదిపారో లేదో వాళ్లకే తెలియదు. ఒకరికొకరు కీర్తనలతో బుద్ధి చెప్పుకోమన్నాడు పౌలు. పక్కవాడి గొంతే వినపడని చోట అది ఎలా కుదురుతుంది? వాయిద్యం లేనప్పుడు నువ్వు పాడకపోతే ఆ మేరకు పాట తగ్గిపోతుంది. అది నీకూ తెలుస్తుంది, పక్కనున్న ఆంటీకీ తెలుస్తుంది.

ఊరి సంఘాల్లో పాట ఎలా మొదలవుతుందో మీ అబ్బాయి చూసి ఉండడు. వెనక నుంచి ఎవరో "నూట ఇరవై" అంటారు. పేజీలు తిరుగుతాయి. ఎవరెత్తుకుంటారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఉత్సాహవంతుడొకడు మరీ పైన ఎత్తుకుంటాడు. పల్లవి గడుస్తుంది. చరణం పైకి ఎక్కేసరికి మగవాళ్లు కీచుమంటారు, సగంమంది దగ్గుతారు. అప్పుడు పెద్దాయనొకరు ఏమీ జరగనట్టు, మళ్లీ పల్లవి వచ్చేటప్పటికి రెండు మెట్లు దించి అందుకుంటారు. అందరూ కిందికి దిగిపోతారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. మీ మామయ్యగారు ఆ పెద్దాయనల్లో ఒకరై ఉంటారని నా ఊహ. అక్కడ ఆయన నోరు విప్పితే సంఘమంతా వెంట వచ్చేది. ఇక్కడ ఆయన ఎంత గట్టిగా పాడినా ప్యాడ్స్ కింద నలిగిపోతుంది. భార్య పోయింది, ఊరు పోయింది, ఆదివారం ఆయన చేసే పనీ పోయింది. కొత్త నిబంధన వచనాల వెనక ఆ బాధ కూడా ఉండొచ్చు. ఒకసారి అడిగి చూడండి, "మామయ్యగారూ, ఊళ్లో పాటలు మీరే ఎత్తుకునేవారా?" అని.

గృహప్రవేశం రోజు పాటలు ఆయన్నే ఎత్తుకోమనండి. మీరు అడిగితే మొహమాటపడతారు, మీ పాస్టర్‌గారి చేత అడిగించండి. పాస్టర్‌గారికి ముందే విషయం చెప్పి ఉంచాలి, లేకపోతే కూటం రోజు క్వయర్ పిల్లలు కహోన్ (చేత్తో కొట్టే పెట్టె వాద్యం) పట్టుకుని దిగిపోతారు.

మీ అబ్బాయి పని శృతి. కీబోర్డు వాయించేవాళ్లకు మన చర్చిల్లో ఒక విద్య బాగా అబ్బుతుంది. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన అమ్మగారు ఎక్కడ పడితే అక్కడ ఎత్తుకుంటుంది. వీడు ఒక వేలితో వెతుక్కుని, శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కి, పల్లవి పూర్తయ్యేలోపు ఆమెను పట్టుకుంటాడు. అంటే చెవి సిద్ధంగా ఉంది. ఇప్పుడు ఆ పని తలకిందులుగా చేయాలి, వెంట వెళ్లడం మాని ముందు నడవాలి. ఒక్కో పాటలో చరణం ఎక్కడిదాకా ఎక్కుతుందో ఇంట్లో ముందే చూసుకోమనండి. అందరూ కలిసి పాడే పాటలో పై స్వరం కీబోర్డు లెక్కలో పై డీ దాటకూడదు. దాటితే సగంమంది ఆగిపోతారు, మిగతా సగం అరుస్తారు. ఆ పై స్వరం నుంచి వెనక్కి లెక్క వేసుకుంటే పల్లవి ఎక్కడ ఎత్తుకోవాలో తెలుస్తుంది. ఆ స్వరాన్ని తాతయ్య చెవి దగ్గర మెల్లగా ఆలాపిస్తే చాలు, ఆయన అందుకుంటారు. ఫోన్‌లో శృతి యాప్ పెట్టుకుని, ముందు ఒకసారి విని, ఆపేయొచ్చు. వాయిద్యాలు వాడని సంఘాల్లో కూడా పాట నడిపేవాళ్లు జేబులో చిన్న పిచ్ పైప్ పెట్టుకుంటారు. పాట మొదలయ్యేలోపు ఒక్కసారి ఊది లోపల పెట్టేస్తారు. మామయ్యగారికి దానికీ అభ్యంతరం ఉంటే వాడు నోటితోనే ఇస్తాడు.

గొంతుతోనే పాడేటప్పుడు చరణాలు గడిచేకొద్దీ శృతి కిందికి జారుతుంది. ఊపిరి చాలక, పాట నెమ్మదించి, దిగే స్వరాల్లో కాస్త ఎక్కువ దిగడం వల్ల అలా అవుతుంది. కొంచెం జారితే ఫరవాలేదు, ఎవరికీ తెలియదు. మరీ జారితే చరణానికీ పల్లవికీ మధ్య మీవాడు కొంచెం ఎత్తి అందుకోవాలి. నడక మందగిస్తే తొడ మీద చేత్తో తాళం వేస్తే చాలు. చప్పట్లకు మామయ్యగారు ఏమంటారో ముందే కనుక్కోండి, కొన్ని సంఘాల్లో అవి కూడా వద్దంటారు.

పాటల ఎంపిక దగ్గర కాస్త ఆలోచించండి. ఈమధ్య వచ్చే పాటలు చాలావరకు మ్యూజిక్ బిట్‌ను నమ్ముకుని ఉంటాయి. ట్రాక్ తీసేస్తే చరణానికీ చరణానికీ మధ్య అందరూ గోడలు చూస్తూ నిలబడాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాతవి అలా కావు. 19వ శతాబ్దంలో పురుషోత్తం చౌదరిగారి లాంటివాళ్లు మన రాగాల్లో, మన తాళాల్లో కట్టినవి అవి. పాట పైనే రాగం, తాళం పేర్లు అచ్చు వేసి ఉంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణం ఒకదానిలోంచి ఒకటి వస్తాయి కాబట్టి మధ్యలో ఖాళీ ఉండదు. మీవాడికి ఆ రాగం పేర్లు చూపించండి, కీబోర్డు మీద వాడికి తెలియని సంగతులు ఇంకా ఉన్నాయని అర్థమవుతుంది. అన్నట్టు, హార్మోనియం మన భక్తిపాటకు పుట్టినప్పటి నుంచీ తోడనుకుంటాం కానీ, అదీ ఐరోపా నుంచి వచ్చిందే. మన శాస్త్రీయ సంగీతానికి అది సరిపడదని ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించింది, చాలా ఏళ్ల తర్వాత కానీ సడలించలేదు. ఇంటికొచ్చిన ప్రతి వాద్యం మీదా ఎవరో ఒకరు అలిగారన్నమాట. మీ ఇంట్లో గొడవ మరీ కొత్తదేం కాదు.

మీ అబ్బాయి స్నేహితుల కోసం ఒక కొత్త పాట కూడా ఉండనివ్వండి, కానీ అది అందరికీ రాకపోవచ్చు. అప్పుడు వాడు ఒక లైను పాడితే అందరూ అదే లైను పాడాలి. మన ఊళ్లలో చదువురాని అమ్మమ్మలకు పాటలన్నీ ఇలాగే నోటికొచ్చాయి. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో కూడా చదవలేనివాళ్ల కోసం ఒకరు లైను చెబితే జనం పాడాలని నియమం పెట్టుకున్నారు. స్కాట్లండ్ ఉత్తరాన లూయిస్ దీవిలో గేలిక్ భాషలో కీర్తనలు ఇప్పటికీ అలాగే పాడతారు, ఒకరు ఎత్తుకోగానే వందల గొంతులు ఎవరి గమకాలు వాళ్లు వేసుకుంటూ వెంట వస్తాయి. ఆ రికార్డింగులు నెట్‌లో దొరుకుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టి మీవాడికి వినిపించండి. ఆ తర్వాత నిద్రొస్తుందంటే అప్పుడు చూద్దాం.

జెనీవాలో ఇంకో సంగతి జరిగింది, ఇది మామయ్యగారికి మీరు చెప్పొచ్చు. జనానికి పాడటం రాదు, మరి ఎలా నేర్పాలి అన్నప్పుడు, కాల్విన్, ఆయన తోటివాళ్లు 1537లో ఒక ప్రతిపాదన పెట్టారు. ముందు పిల్లలకు నేర్పించి, వాళ్లు స్పష్టంగా గొంతెత్తి పాడుతుంటే పెద్దలు శ్రద్ధగా విని, మెల్లమెల్లగా అలవాటు చేసుకోవాలని. వాయిద్యం వద్దన్న కాల్విన్ పెద్దలను పిల్లల వెనక నడవమన్నాడు. మనవడు శృతి ఇస్తే తీసుకోవడం చిన్నతనం కాదని మామయ్యగారికి ఇలా చెబితే ఎక్కుతుంది.

ఇంకా సామాను సర్దకముందే కూటం పెట్టుకుంటే మంచిది. ఖాళీ గోడలు, టైల్స్ నేల ఉన్న హాల్లో గొంతు బాగా మోగుతుంది. సోఫాలు, కర్టెన్లు వచ్చాక ఆ మోత తగ్గిపోతుంది. పాడేసేపు ఫ్యాన్లు ఆపండి, మైకు వద్దు. ప్లాస్టిక్ కుర్చీలు వరసలుగా కాకుండా గోడల వెంబడి చుట్టూ వేయండి, అప్పుడు ఒకరి గొంతు ఒకరికి వినపడుతుంది. పాట బాగా వచ్చినవాళ్లను ఒకేచోట కూర్చోబెట్టకుండా అక్కడక్కడా కలపండి. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చునే అలవాటైతే రెండు వైపులా ఒక్కో గట్టి గొంతు ఉండేలా చూసుకోండి, లేకపోతే ఒక వైపు ఒక మాట వెనకబడుతూనే ఉంటుంది.

ఆదివారాల సంగతి వేరు. మామయ్యగారిని మీ చర్చికి రమ్మని ఒత్తిడి చేయకండి. హైదరాబాద్‌లో వాయిద్యాలు లేకుండా ఆరాధించే సంఘాలు ఉన్నాయి, ఆయన ఊరి పెద్దలనే అడిగితే ఇక్కడ తమ సహవాసం ఎక్కడుందో చెబుతారు. ఆదివారం పొద్దున ఆయన్ను అక్కడ దింపే పని మీవారికి అప్పగించండి. తేల్చుకోమని తప్పుకున్నారు కదా, ఆ మాత్రం చేయొచ్చు. మీ అబ్బాయి కీబోర్డు మానక్కర్లేదు. మీ పాస్టర్‌గారితో మాట్లాడి, వీలైతే ప్రభు బల్ల ఉన్న ఆదివారం ఒక పాటకు వాయిద్యాలు ఆపమనండి. ఆ పాట మీవాడే ఎత్తుకోవాలి. మొదటిసారి జనం తడబడతారు, ఒకటి రెండు నెలలు ఓపిక పట్టాలి.

చుట్టాలందరికీ పాటల జాబితా ముందే వాట్సాప్‌లో పెట్టండి. ఒక్కో సంఘం పుస్తకంలో నంబర్లు ఒక్కోలా ఉంటాయి, కాబట్టి నంబరుతో పాటు పల్లవి మొదటి లైను కూడా రాయండి. కోనసీమ నుంచి వచ్చేవాళ్లను తమ పుస్తకాలు తెచ్చుకోమనండి.